మూడొందల చదరపు అడుగుల్లో మూడు రాత్రులు

పోయిన లాంగ్ వీకెండ్‌కి నేను, మా ఆవిడ, పాప, ఇండియా నుంచి వచ్చిన మా అమ్మ... నలుగురం కలిసి ఒక టైనీ హౌస్‌లో మూడు రాత్రులు ఉండొచ్చాం. ఆస్టిన్ నుంచి గంటన్నర డ్రైవ్, ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర. చక్రాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు. కింద 240 చదరపు అడుగులు, పైన అటకలాంటి లాఫ్ట్ కూడా కలుపుకుంటే 300.

అసలీ పిచ్చి ఎందుకు పట్టిందో ముందు చెప్పాలి. ఈ ఏడాది మొదట్లో మా టీమ్‌లో పదకొండు మందికి నలుగుర్ని ఒక్క రోజే ఇంటికి పంపేశారు. ఆ నలుగురిలో నేను లేను. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. హెచ్1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే, ఇంకోటి వెతుక్కోడానికి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. నా ఇంటి అప్పేమో 30 ఏళ్ళు. 2,800 చదరపు అడుగులు, నాలుగు బెడ్రూములు. అమ్మ వచ్చేదాకా అందులో రెండింటి తలుపులు తీసిన పాపాన పోలేదు. ఆ రాత్రి నుంచే యూట్యూబ్‌లో టైనీ హౌస్ వీడియోలు చూడ్డం మొదలైంది.

చూసేకొద్దీ సంగతులు తెలిశాయి. 1999 ప్రాంతంలో అయోవాలో జే షేఫర్ అనే ఆయన వంద చదరపు అడుగులు కూడా లేని ఇల్లు కట్టుకున్నాడు. అంత చిన్న ఇంటికి రూల్స్ ఒప్పుకోవు కాబట్టి ట్రైలర్ మీద కట్టాడు. చక్రాలుంటే అది ఇల్లు కాదు, బండి! అందుకే ఇవి చాలావరకు ఎనిమిదిన్నర అడుగుల వెడల్పే ఉంటాయి. అంతకు మించితే రోడ్డెక్కడానికి వేరే పర్మిట్ కావాలి. 2018 నాటి బిల్డింగ్ కోడ్‌లో వీటికంటూ ఒక అనుబంధం వచ్చింది. లాఫ్ట్‌లు కాకుండా 400 చదరపు అడుగులు, అంతకు లోపుంటే టైనీ హౌస్.

అదే దేశంలో కొత్తగా కట్టే ఇంటి సగటు సైజు 1973లో సుమారు 1,660 చదరపు అడుగులుంటే, 2015కి 2,687 అయింది. ఈలోగా ఇంట్లో మనుషులు మాత్రం తగ్గారు. నా రెండు మూసిన గదులు ఎక్కడినుంచి వచ్చాయో అర్థమైంది.

సరే, ఇల్లు సంగతి. మెట్ల కింద సొరుగులు, సోఫా లాగితే మంచం, గోడకి మడిచే భోజనాల బల్ల. లాఫ్ట్‌లో కూర్చుంటే తల పైకప్పుకి తగుల్తుంది. అమ్మ మోకాళ్ళకి ఆ నిచ్చెన కుదిరే పని కాదు, సోఫానే ఆవిడ మంచం. మొదటి రోజు అమ్మ పప్పులో పోపు పెట్టింది. ఘాటంతా లాఫ్ట్‌కెక్కి కూర్చుంది, స్మోక్ అలారం కెవ్వుమంది, పాప చెవులు మూసుకుని బయటికి పరుగో పరుగు. ఫ్లష్ లేని కంపోస్టింగ్ టాయిలెట్ గురించి ఇక్కడ రాయను. భోజనాల వేళ చదివేవాళ్ళుంటారు.

అయినా రెండో రోజుకి ఒకటి గమనించాను. ఇల్లు ఊడ్చి, గిన్నెలు కడిగి, పక్కలు సర్దితే ఇరవై నిమిషాలు. ఆ తర్వాత చెయ్యడానికేం లేదు. మా ఇంట్లో శనివారమంతా ఇల్లే తినేస్తుంది: వాక్యూమ్, లాన్, గరాజ్, మళ్ళీ వాక్యూమ్. ఇక్కడ పాప రోజంతా చెట్ల కిందే ఉంది. మేమూ అక్కడే ఉన్నాం.

ఆ రాత్రి బయట మెట్ల మీద కూర్చుని అమ్మనడిగాను, ఎలా ఉందని.

"పెళ్ళయి వచ్చినప్పుడు మన పెంకుటిల్లు ఇంతే కదరా. తొమ్మిది మందిమి. ఎప్పుడు బయటపడతామా అని ఏడ్చేదాన్ని. నువ్వు డబ్బులు కట్టి మరీ తీసుకొచ్చావు" అని నవ్వింది.

నాకు ముఖం చెల్లలేదు. కావాలని ఎంచుకుంటే చిన్నిల్లు ముచ్చట. గతిలేక ఉంటే ఇరుకు. ఆ తేడా యూట్యూబ్‌లో కనపడదు.

కాసేపాగి అమ్మే మళ్ళీ అంది: "అయినా ఆ ఇంట్లో మేం లోపల ఎప్పుడున్నాం? పొద్దున పెరట్లో, సాయంత్రం అరుగు మీద, రాత్రి వాకిట్లో నులక మంచాలు. ఇల్లంటే బియ్యం బస్తా, ట్రంకు పెట్టెలు పెట్టుకునే చోటు."

అప్పుడు నాకు ఆస్టిన్‌లోని కమ్యూనిటీ ఫస్ట్ విలేజ్ గుర్తొచ్చింది. ఏళ్ళ తరబడి వీధుల్లో బతికినవాళ్ళ కోసం 2015లో మొదలైన చిన్న ఇళ్ళ ఊరు. ఆఫీసు వాలంటీరింగ్‌కి ఒకసారి వెళ్ళాను. అక్కడ చాలా ఇళ్ళలో కుళాయి కూడా ఉండదు. వంటిళ్ళు, స్నానాల గదులు, బట్టలుతికే చోటు అందరికీ కలిపి ఉంటాయి. ఇంటి ముందు మాత్రం కూర్చోడానికి వరండా. అప్పుడు అయ్యో అనుకున్నాను. ఇప్పుడు చూస్తే, అది మా అమ్మ చెప్పిన ఊరే. చిన్నిల్లు బాగుండాలంటే బయట పెద్దగా ఉండాలి.

మరి టైనీ హౌస్ కొంటున్నావా అంటే, లేదు. చక్రాలున్న ఇంటికి మామూలు హోమ్ లోన్ రాదు. పెట్టుకోడానికి స్థలం కావాలి, ఆ స్థలంలో ఉండనివ్వడానికి ఊరు ఒప్పుకోవాలి. పైగా అమ్మ మోకాళ్ళు.

కానీ ఇల్లు అమ్మకానికి పెడుతున్నాం. 2021లో మూడు శాతం లోపు వడ్డీకి తీసుకున్న లోన్, అది వదిలితే మళ్ళీ దొరకదని మిత్రులు తిడుతున్నారు. నిజమే, నష్టమే. కానీ పార్కు పక్కన రెండు బెడ్రూముల అద్దెకి మారితే, మా దగ్గరున్న డబ్బు ఉద్యోగం లేకపోయినా ఏడాది దాటి వస్తుంది. ఆ 60 రోజుల్ని నేను పెంచలేను, వాటి మీద మోపిన బరువు దించగలను.

ఇప్పటికి మూడు ఇళ్ళు చూశాం. అమ్మ వంటిల్లు అడగలేదు, గదులు అడగలేదు. కూర్చోడానికి బయట చోటుందా అని మాత్రం అడిగింది. ఒకదానికి ఉంది.