పట్టా, పనితనము

వార్త వ్రాయువానికి కళాశాల పట్టా ఉండవలెనా, లేక అనుభవమే చాలునా అను ప్రశ్న పత్రికా ప్రపంచమున చాల కాలముగ నలుగుచున్నది. నగరములలో ఇది సభావేదికలపై జరుగు చర్చ. వేములవాడ, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల వంటి పట్టణములలో ఇది కొందరి బ్రతుకుతెరువును, అంతకు మించి ఒక ప్రాంతపు సత్యమును అంటియున్న సమస్య. ఏలయన ఇచటి మంచిచెడ్డలు లోకమునకు తెలియుట మొదట మండల విలేకరి చేతివ్రాత మీదనే ఆధారపడియున్నది. ఆయన వ్రాయనిది చాలసార్లు జరుగని దానితో సమానమగును. ఆయన తప్పుగ వ్రాసినది దూరమున చదువువారికి నిజమై కూర్చుండును.

ముందుగ ప్రశ్నను రెండుగ విడదీయవలెను. ఏదో ఒక శాస్త్రమున కళాశాల చదువు ఉండవలెనా అనునది ఒకటి. పత్రికారచననే ప్రత్యేక విద్యగ చదివి పట్టా పొందవలెనా అనునది మరియొకటి. ఈ రెంటిని కలగలుపుటవలననే వాదములు ఎడతెగకున్నవి.

వార్తను సేకరించుట ఈ నేలకు క్రొత్త విద్య కాదు. పదవ శతాబ్దమున వేములవాడ చాళుక్యుల ఆదరము పొందిన సోమదేవసూరి 959లో గంగాధరయందు యశస్తిలకచంపువును ముగించెను. ఆయన మరియొక గ్రంథమగు నీతివాక్యామృతమున చారులను గూర్చి ప్రత్యేకముగ ఒక ప్రకరణమే గలదు. అంతకు ఎంతో ముందు కౌటిల్యుడు అర్థశాస్త్రమున, ముగ్గురు చారులు తెచ్చిన మాట ఒక్కటైనపుడే దానిని నమ్మవలెనని నియమము చేసెను. చారుడు రాజునకు మాత్రమే చెప్పును, విలేకరి ప్రజలందరికిని చెప్పును. పరీక్ష మాత్రము నాటికిని నేటికిని ఒక్కటే. విన్న మాటను విన్నంతనే నమ్మరాదు. దీనినిబట్టి తేలునది ఏమనగా, వార్తాసేకరణము పుట్టుకతో వచ్చు నేర్పు మాత్రమే కాదు. దానికి నియమములు గలవు, నియమములు గల దానిని నేర్పవచ్చును. ఎచట నేర్పవలెననునదే మిగిలిన ప్రశ్న.

తెలంగాణ పత్రికల చరిత్రను చూచినచో ఇరుపక్షములకును సాక్ష్యము దొరకును. నిజాము పాలనలో తెలుగు పత్రిక నడపుటయే సాహసముగ నున్న దినములలో, 1926లో, సురవరము ప్రతాపరెడ్డి గోలకొండ పత్రికను ప్రారంభించిరి. ఆయన బి.ఏ., బి.ఎల్. చదివిన న్యాయవాది. ఇమ్రోజ్ అను ఉర్దూ పత్రికను నడపి, హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలియవలెనని వ్రాసినందులకు 1948 ఆగస్టులో రజాకార్ల చేత హతుడైన షోయబుల్లాఖాన్ ఉస్మానియా పట్టభద్రుడు. వట్టికోట ఆళ్వారుస్వామి కథ వేరు. ఆయన పేదరికమున పెరిగి, ఇతరుల ఇండ్లలోను హోటళ్లలోను పనిచేయుచు చదువు సంపాదించుకొని, గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్ది, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, నవలాకారుడుగ నిలిచిపోయెను. జగిత్యాలవాడగు అలిశెట్టి ప్రభాకర్ కుంచెతోను కెమెరాతోను బ్రతుకు వెళ్లబుచ్చుచు, ఆంధ్రజ్యోతి పత్రికలో ‘సిటీ లైఫ్’ శీర్షికన నగరజీవితమును కొద్ది పంక్తులలో చూపి, 1993లో క్షయవ్యాధికి బలియయ్యెను.

ప్రతాపరెడ్డికి గాని, షోయబుల్లాఖానుకు గాని, ఆళ్వారుస్వామికి గాని పత్రికారచనలో పట్టా లేదు. వారు పనికి దిగిననాడు ఉండుటకును వీలు లేదు. లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయమున 1941లో పత్రికారచనా బోధన ఆరంభమయ్యెను. ఉస్మానియాలో ఆ శాఖ 1954లో, అనగా ప్రతాపరెడ్డి కన్నుమూసిన మరుసటి యేడు వెలసెను. వారికి ఉన్నది వేరు. ఒకరికి న్యాయశాస్త్రము, ఒకరికి విశ్వవిద్యాలయ విద్య, ఒకరికి ఆకలి నేర్పిన పాఠము. అందరికిని సమానముగ నున్నది ప్రజల బాధను స్వయముగ ఎరిగియుండుట, ఎరిగినదానిని వ్రాయుటకు వెనుదీయకుండుట.

అట్లని పత్రికారచనకు విద్యాలయమే అక్కరలేదనుట తొందరపాటు. అది కావలెనని పట్టుపట్టిన వారిని చూచినచో ఒక చమత్కారము కనబడును. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయమున 1908లో పత్రికారచనా విద్యాలయమును నెలకొల్పి దానికి మొదటి అధిపతియైన వాల్టర్ విలియమ్స్ కళాశాల గడప త్రొక్కినవాడు కాడు, అచ్చుకూటమున పనివాడుగ జీవితమును ఆరంభించినవాడు. కొలంబియా విశ్వవిద్యాలయమున 1912లో తెరువబడిన విద్యాలయమునకు ధనమిచ్చిన జోసెఫ్ పులిట్జరునకును కళాశాల పట్టా లేదు. పత్రికా కార్యాలయమున క్రొత్తవానికి కూర్చుండబెట్టి నేర్పు తీరిక గాని కోరిక గాని ఎవరికిని ఉండదని ఆయన 1904లోనే వాదించెను. పనిలోనే అన్నియు నేర్చిన ఇట్టివారు, పనిలో నేర్చుటకు పట్టు కాలమును, నేర్చులోపల జరుగు తప్పులను ఎరిగియే విద్యాలయమును కోరిరి. మిస్సోరిలో బోధన మొదలైన నాడే విద్యార్థుల చేత ఒక దినపత్రికను వెలువరింపజేయుట ఇందుకు తార్కాణము. అచట చదువును పనియు రెండు కావు.

ఈ విషయమును మన ప్రాంతమున ఉంచి పరిశీలింతము. సిరిసిల్ల మరమగ్గముల పరిశ్రమలో యజమాని, ఆసామి, కార్మికుడు అని మూడు అంతరములు గలవు. యజమాని నూలు బీములను ఇచ్చును. ఆసామి తనకున్న కొన్ని సాంచాలపై ఆ నూలును గుడ్డగ నేయించి కూలి పొందును. కార్మికుడు సాంచాను నడపును. ఆసామి పేరునకు మగ్గముల సొంతదారే గాని, బ్రతుకున కూలివానికి దగ్గరివాడు. నగరమునుండి వచ్చిన పట్టభద్రుడు సాంచాలున్న ప్రతివానిని ‘యజమాని’యని వ్రాసినచో ఒక్క మాటతో ఆ పరిశ్రమ కష్టమంతయు తారుమారగును. ఊరి విలేకరి ఈ పొరపాటు చేయడు. అదే విధముగ గల్ఫు వలసలకు పేరుపడిన జగిత్యాల, కోరుట్ల పల్లెలలో ‘కంపెనీ వీసా’, ‘ఆజాద్ వీసా’, ‘ఖల్లివల్లి’ అను మాటలకు గల తేడాలు ఏ పాఠ్యపుస్తకమును చెప్పదు. ఆ మాటల వెనుక అప్పులు, పారిపోవుటలు, చెరసాలలు ఉన్నవి. ఇది అనుభవము ఇచ్చు విద్య.

అయితే ఆ అనుభవమునకు ఒక హద్దు గలదు. నేతకార్మికుడు ఆత్మహత్య చేసికొన్నప్పుడు ‘అప్పులబాధతో’ అని ముగించుట అలవాటైన వ్రాత. ఆ అప్పు ఎట్లు పుట్టినది? నూలు ధర, విద్యుచ్ఛక్తి ధర, గుడ్డకు గిరాకి, కూలి రేటు వీనికి గల సంబంధము ఏమి? వీనిని విడదీసి చూపుటకు లెక్కయు, అర్థశాస్త్రపు ఓనమాలును తెలియవలెను. మధ్య మానేరు జలాశయము క్రింద వేములవాడ పరిసరములలోని అనుపురం, రుద్రవరం, సంకెపల్లి వంటి గ్రామములు మునిగినపుడు నిర్వాసితుల దుఃఖమును వర్ణించుట సులభము. 2013 నాటి భూసేకరణ చట్టము పునరావాసమును గూర్చి ఏమి చెప్పినదో, ఇచ్చినది దానికి సరిపోవునో లేదో చూపుట కష్టము. ఆ కష్టమైన పనియే నిర్వాసితునకు ఉపకరించును.

తెలియక చేయు తప్పు కొన్నిచోట్ల నేరమగును కూడ. లైంగిక హింసకు గురియైన బాలల గుర్తింపు తెలియునట్లు వ్రాయుటను 2012 నాటి పోక్సో చట్టము నిషేధించినది. పేరు వ్రాయలేదు గదా యని తండ్రి పేరును, బడి పేరును, వీధి పేరును వ్రాసినచో చట్టమును ఉల్లంఘించినట్లే. నగరములో ఆ వివరములు పదిమందిలో కలిసిపోవచ్చును. చిన్న ఊరిలో ఒక్క వివరము చాలును, ఆ పిల్ల మరి బడికి పోజాలదు. ఇట్టి పాఠమును అనుభవముచే నేర్చుకొనవలెననుట, ఒక పసిజీవితమును పలకగ వాడుకొనుమనుటయే.

కనుక విలేకరికి చదువు కావలెను. ఇందు సందేహము లేదు. మరి పట్టా లేనివాడు వ్రాయరాదని శాసించవచ్చునా? ఈ శాసనమును కొన్ని దేశములు చేసి చూచినవి. బ్రెజిల్ దేశమున 1969 నాటి శాసనము ఈ వృత్తికి పత్రికారచనా పట్టాను తప్పనిసరి చేసినది. ఆనాడు అచట సైనిక ప్రభుత్వము నడచుచుండెను. 2009 జూన్‌లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానము ఆ నిబంధనను కొట్టివేసినది. కోస్టారికా దేశమున విలేకరులు వృత్తిసంఘమున చేరితీరవలెనను చట్టమును గూర్చి అమెరికా ఖండముల మానవహక్కుల న్యాయస్థానము 1985లో అభిప్రాయము చెప్పుచు, అట్టి నిర్బంధము భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని తేల్చినది.

మన దేశమున 1955లో పార్లమెంటు చేసిన శ్రామిక పాత్రికేయుల చట్టము సంపాదకుని మొదలు ప్రూఫులు దిద్దువాని వరకు అందరిని పాత్రికేయులుగ లెక్కించినదే గాని, ఎవరిని పట్టా అడుగలేదు. 2013లో భారత ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షులు, వైద్యునికి న్యాయవాదికి వలె పాత్రికేయునికిని కనీస విద్యార్హత ఉండవలెనని తలంచి, ఒక సంఘమును నియమించిరి. దానిపై దేశమంతట వాదోపవాదములు చెలరేగెను.

వైద్యునితో పోల్చుట పైకి సబబుగ తోచును. కాని వైద్యము చేయు హక్కు రాజ్యాంగము పౌరులందరికిని ఇచ్చినది కాదు. మాట్లాడు హక్కు 19వ అధికరణము అందరికిని ఇచ్చినది. ఊరిలో జరిగిన అన్యాయమును ఊరివాడు వ్రాయుటకు రాజ్యము అనుమతిపత్రము అడిగినచో, ఆ పత్రమును ఇచ్చు అధికారి చేతిలోనే కలమును పెట్టినట్లగును. ఎవరిని గూర్చి వ్రాయవలెనో వారే వ్రాయువానిని ఎన్నుకొందురు. ఆ నియమమే ఉండినచో ఆళ్వారుస్వామి వంటివానికి పత్రికా కార్యాలయపు ద్వారము తెరచుకొనెడిదా?

మరియొక సంగతిని విద్యార్హత కోరువారు తరచుగ మరతురు. మండల స్థాయిలో వ్రాయువారిలో పెక్కురకు నెలజీతము లేదు. అచ్చయిన వార్త నిడివిని కొలిచి ఇచ్చు ‘లైన్ అకౌంట్’ పైకమే వారికి ఆధారము. ప్రకటనలు సేకరించు భారము కూడ చాలచోట్ల వారిపైననే పడును. ఉదయము ఎవరిని ప్రకటన యాచించెనో, సాయంకాలము వారిని గూర్చి నిర్భయముగ వ్రాయుమనుట ఎట్లు? మన పల్లెలలో కౌలురైతు సేద్యము చేయును, పట్టా మాత్రము వేరొకరి పేర నుండును. పంట పోయినపుడు సహాయము పట్టాదారునకు చేరును, అప్పు కౌలురైతునకు మిగులును. మండల విలేకరి స్థితియు ఇట్టిదే. కూలి ఇవ్వకుండ పట్టా తెమ్మనుట న్యాయము కాదు. పట్టా తెచ్చినవాడు ఆ కూలికి నిలువడు, నిలిచినవానికి నేర్పువారు లేరు.

కావున పరిష్కారము పట్టాను ద్వారమున కావలి ఉంచుటలో లేదు, ద్వారము దాటి వచ్చినవానికి విద్య గరపుటలో ఉన్నది. ఈ మార్గము మనకు తెలియనిది కాదు. ఈనాడు పత్రిక సొంతముగ పాత్రికేయ పాఠశాలను నడపి, భాషాశాస్త్రవేత్తయగు బూదరాజు రాధాకృష్ణను దానికి ప్రధానాచార్యులుగ ఉంచుకొనెను. తెలుగు వాక్యమును చక్కగ కట్టుట వార్తకు అలంకారము కాదని, అదియే వార్తకు వెన్నెముకయని గుర్తించుటయే ఇందలి విశేషము. ఇట్టి శిక్షణ ముఖ్యపట్టణమునకే పరిమితము గాక సిరిసిల్లకును జగిత్యాలకును రావలెను. చట్టము, లెక్క, భాష, వార్తను సరిచూచు పద్ధతి అను నాలుగింటిని పనిలో నున్నవారికి కొన్ని వారములు నేర్పి, ఆ దినములకు కూలి కట్టి యిచ్చుట పత్రికల బాధ్యత. పత్రికారచనలో పట్టా పొందిన యువకునకు కూడ మొదటి రెండేండ్లు మండలమున పనిచేయు నియమము ఉన్నచో, ఆసామికి యజమానికి గల భేదము అతనికిని తెలియును.

ఉపాధ్యాయులకు ఇందు పెద్ద పాత్ర గలదు. వేములవాడ సమీపమున హనుమాజీపేటలో పుట్టి, సిరిసిల్లలో ఉర్దూ మాధ్యమమున చదివి, తెలుగున జ్ఞానపీఠము వరకు ఎదిగిన సి. నారాయణరెడ్డి జీవితము, ఈ పల్లెల బాలుని శక్తిని తక్కువగ తలంపరాదని చెప్పుచునే యున్నది. తెలుగు వ్యాసమునకు ‘పుస్తకముల వలన లాభములు’ అను విషయమునే ఏటేట ఇచ్చుటకు బదులు, ఊరి చెరువులో నీరు ఎందుకు తగ్గినదో ముగ్గురిని అడిగి వ్రాయుమని చెప్పవచ్చును. ముగ్గురును మూడు విధముల చెప్పుదురు. ఎవరి మాటకు ఏ ఆధారము గలదో చూచుట, తెలియనిది తెలియదని విడిచిపెట్టుట, చెప్పినవాని మాటను తన మాటగ మార్చకుండుట అను మూడు అలవాట్లు బాలునికి అప్పుడే పట్టువడును. తరువాత అతడు కళాశాలకు పోయి పట్టా తెచ్చుకొన్నను మంచిదే, పోలేక ఊరనే ఉండి వార్తలు వ్రాసినను మంచిదే. ఏ దారిన పోయినను, మరునాటి ఉదయము ఆ వార్తను చదువు ఊరివారి యెదుటికి అతడు తల దించుకొనక పోగలుగును.