వరుస తప్పిన ప్యాకెట్లు – ప్రసార వేగము

దారము తెగిన తాళపత్ర గ్రంథమును మరల కూర్చుటకు ఆకులపై వేసిన అంకెలే ఆధారము. కంప్యూటర్ల నడుమ సాగు సమాచార ప్రసారము స్థితియు ఇట్టిదే. పంపదలచిన విషయము ప్యాకెట్లు అను చిన్న భాగములుగా విభజింపబడును. 1964లో అమెరికాయందు పాల్ బారన్ ఈ పద్ధతిని విశదముగా ప్రతిపాదించెను. అదే దశకమున ఇంగ్లండునందు డోనాల్డ్ డేవిస్ స్వతంత్రముగా ఇదే ఆలోచనకు వచ్చి, ‘ప్యాకెట్టు’ అను పేరు పెట్టెను.

ప్యాకెట్లు పోవు మార్గములు వేరైనను, నడుమనున్న రూటరు తన పనిని పలు భాగములకు పంచినను, వెనుకటిది ముందుగా చేరవచ్చును. 1974లో వింటన్ సెర్ఫ్, రాబర్ట్ కాన్ ప్రకటించిన వ్యాసమునుండి రూపొందిన టీసీపీ నియమావళి బైట్లకు వరుస సంఖ్యల నొసగి, గమ్యస్థానమున వానిని క్రమపరచును. అట్లయిన వరుస తప్పుటవలన నష్టమేమి?

గ్రహీత తనకు తరువాత కావలసిన సంఖ్యను పంపువానికి తెలుపుచుండును. నాలుగవ ప్యాకెట్టు రాక ఐదు, ఆరు, ఏడు వచ్చినచో, ‘నాలుగవది కావలెను’ అని మూడు మారులు మరల తెలుపును. అంతట పంపువాడు నాలుగవది నశించెనని యెంచి మరల పంపును. మార్గము కిక్కిరిసినదని తలచి, ఒక్క విడతలో పంపు పరిమాణమును తగ్గించును. నాలుగవది మరుక్షణమే క్షేమముగా చేరినను, తగ్గిన వేగము మెల్లమెల్లగా గాని పెరుగదు. ఇట్లు ఒక్క ప్యాకెట్టయినను పోకుండగనే ప్రసారము మందగించును.

ఈ జాగ్రత్త నిష్కారణమైనది కాదు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్లీ ప్రయోగశాలకును బర్క్లీ విశ్వవిద్యాలయమునకును నడుమ ప్రసారము సెకనుకు 32,000 బిట్లనుండి 40 బిట్లకు పడిపోయెను. అట్టి స్తంభనను నివారించు ఉపాయములను వాన్ జేకబ్సన్ 1988లో వివరించెను. కావున వేగము తగ్గించుట మానరాదు. ఆలస్యమును నాశముగా భ్రమించుట మానవలెను.

ఇందులకు రెండు మార్గములు కలవు. ఒకే సంభాషణకు చెందిన ప్యాకెట్లను రూటర్లు ఒకే దారిన పంపుట మొదటిది. రెండవది 2021లో ప్రమాణముగా ప్రకటింపబడిన ‘ర్యాక్’ పద్ధతి. ఇది పునరుక్తుల లెక్కపైననే ఆధారపడక కాలమును గమనించును. వరుస తప్పుట కానవచ్చిన మార్గములందు, వెనుక పంపినది చేరినను ముందు పంపినదానికై స్వల్పమైన గడువిచ్చి, అది మీరిన పిమ్మటనే నష్టమని నిర్ణయించును.