కంచె వెనుక కన్ను
మోటారు పందెంలో మంచి ఛాయాచిత్రానికి అడ్డు నిలిచేదీ, ప్రాణానికి అడ్డు నిలిచేదీ ఒకే తీగజాలీ

2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదు హుస్సేన్‌సాగర్ తీరాన ఒక వింత జరిగింది. నిత్యం బస్సులూ ఆటోలూ తిరిగే వీథులు 18 మలుపులు గల పందెపు బాటగా మారిపోయాయి. సుమారు 2.8 కిలోమీటర్ల ఆ బాటపై విద్యుత్ కార్ల ప్రపంచ పోటీ ‘ఫార్ములా ఇ’ భారతదేశంలో మొట్టమొదటిసారి జరిగింది. ఫ్రాన్సు దేశీయుడు ఝాన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచాడు. 2024లో జరగవలసిన రెండవ పందెం రద్దు కావడంతో ఆ ఒక్కరోజు దృశ్యం మరింత అపురూపమైంది.

అటువంటి పందెంలో బాటకు ఇరువైపులా కాంక్రీటు గోడలు, వాటి మీద మనిషి ఎత్తును మించిన ఇనుప తీగల కంచె ఉంటాయి. ఆ కంచె వెనుక నిలిచి కెమెరా ఎత్తినవారికి సాధారణంగా దక్కేదేమిటి? గీత గీసినట్లు స్పష్టంగా కనిపించే జాలీ, దాని వెనుక రంగు మరక వంటి కారు! కంచెను నిందించడం తేలిక. కాని అది అక్కడికి ఎలా వచ్చిందో తెలిసినవారు నిందించలేరు.

1955 జూన్ 11న ఫ్రాన్సులోని లె మాన్ పందెంలో ఒక మెర్సిడెస్ కారు అదుపు తప్పి ఎగిరి, ముక్కలై జనం మీద పడింది. ఎనభై మందికి పైగా ప్రేక్షకులు మరణించారు. వారికీ బాటకూ నడుమ ఉన్నది మట్టికట్ట మాత్రమే. ఆ ఘోరం తరువాత స్విట్జర్లాండు తన గడ్డపై సర్క్యూట్ పందాలనే నిషేధించింది. మళ్ళీ 2018లో జ్యూరిచ్ నగరంలో జరిగినది ఈ విద్యుత్ కార్ల పందెమే. 1961లో ఇటలీలోని మోంజాలో మరొక కారు గట్టెక్కి ప్రేక్షకులలోకి దూసుకుపోయి పధ్నాలుగు మందికి పైగా ప్రాణాలు బలిగొన్నది. నేటి కంచెల వెనుక ఇంతటి చరిత్ర ఉన్నది.

ఈ కంచె రేకుతో గాక తీగలతో ఎందుకుంటుంది? తీగ సాగుతుంది. ఢీకొన్న వస్తువు వేగాన్ని తాను కొంత మింగి, పక్క స్తంభాలకు కొంత పంచుతుంది. పైగా చూపును అడ్డగించదు. చూడనిస్తూనే కాపాడడం దాని ధర్మం.

మరి ఛాయాచిత్రకారుడు దానిని దాటేదెట్లా? కిటికీ దోమతెరకు కన్ను ఆనించి చూడండి; తెర మాయమై వీథి కనిపిస్తుంది. కెమెరా కన్నుకూ ఇదే సూత్రం. 200 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్ 2.8 వద్ద పూర్తిగా తెరిస్తే కాంతి ప్రవేశించే ద్వారం వెడల్పు సుమారు 71 మిల్లీమీటర్లు. లెన్సుకు దగ్గరగా ఉన్న 3 మిల్లీమీటర్ల తీగ అందులో 5 శాతం వెలుగునే అడ్డుతుంది. మిగిలిన వెలుగు తీగ పక్కలనుండి వచ్చి కారును చిత్రిస్తుంది. తీగ పలచని నీడగా కరిగిపోతుంది. అదే లెన్సును ఎఫ్ 16కు కుదిస్తే ద్వారం 12.5 మిల్లీమీటర్లే. అప్పుడదే తీగ దాదాపు 30 శాతం వెలుగును మింగి నల్లని చారగా నిలుస్తుంది. కనుక ద్వారం విశాలంగా ఉండాలి, లెన్సు కంచెకు దగ్గరగా ఉండాలి, కారు దూరంగా ఉండాలి. ఫోను లెన్సు చాలా చిన్నది. దానిని జాలీ గడి మధ్యకు తెస్తే తీగ అసలు అడ్డే రాదు.

తీగపై ఎండ పడుతుంటే మాత్రం ఎంత మసకబారినా అది చిత్రంపై తెల్లని పొర పరుస్తుంది. నీడలో ఉన్న కంచె భాగాన్ని ఎన్నుకోవడమే దానికి మందు. కంచెకు ఎదురుగా నిలిచి చూస్తే గడులు విశాలంగా ఉంటాయి. ఏటవాలుగా చూస్తే తీగలు ఒకదానికొకటి దగ్గరై తెర కడతాయి.

ఇక వేగం సంగతి. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో వెయ్యవ వంతులో 4 సెంటీమీటర్లు, 125వ వంతులో 33 సెంటీమీటర్లు కదులుతుంది. షట్టరు వేగం పెంచి కారును బంధించవచ్చు. కాని అది రోడ్డుపై నిలిపిన కారులాగే కనిపిస్తుంది. అందుకే నిపుణులు షట్టరును నెమ్మదింపజేసి, నడుము తిప్పుతూ కెమెరాతో కారును వెంబడిస్తారు. అప్పుడు కారు నిలుస్తుంది, లోకం పరుగెడుతుంది. ఆ పరుగులో కంచె తీగలు కూడా చెరిగిపోతాయి. ఎండ తీవ్రంగా ఉంటే లెన్సుకు ముదురు ఫిల్టరు తొడిగితే ద్వారాన్ని కుదించే అవసరం రాదు. ఫోకస్‌ను యంత్రానికి వదిలితే అది జాలీనే పట్టుకుంటుంది. కారు రాబోయే చోటుపై ముందే నిలిపి ఉంచాలి.

ఈ విద్య అభ్యసించడానికి పందెపు బాటే అవసరం లేదు. దూరాన బస్తరు కొండలలో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడిన కిరండూల్ గని పట్టణంలో ఉన్నవారికైనా ఇది సాధ్యమే. ఏ ఆటస్థలం జాలీ వెనుకనో నిలిచి, ఆవల సైకిలు తొక్కే పిల్లవానిని కెమెరాతో వెంబడిస్తే చాలు. నూరు చిత్రాలలో తొంభై పాడవుతాయి. మిగిలిన పది గురువులవుతాయి.

అనుమతి పొందిన పత్రికా ఛాయాచిత్రకారులకు కొన్నిచోట్ల కంచెలోనే చిన్న కిటికీలు ఏర్పరుస్తారు. ఆ కిటికీ వరమే, కాని ముప్పు కూడా. 2001లో మెల్‌బోర్న్ ఫార్ములా వన్ పందెంలో ఊడిన చక్రమొకటి కంచెలోని సందు గుండా దూసుకువచ్చి, విధి నిర్వహణలో ఉన్న స్వచ్ఛంద సేవకుని ప్రాణం తీసింది. 2013లో జర్మనీలోని న్యూర్బర్గ్‌రింగ్‌లో, కార్లకు చక్రాలు మార్చే చోట, జారిపోయిన చక్రం ఒక కెమెరామన్‌ను గాయపరచింది. ఆ వెంటనే అక్కడికి పత్రికలవారి ప్రవేశాన్ని కుదించారు. చూపు దూరగల సందులో మృత్యువూ దూరగలదు.

అందుచేత కొన్ని నియమాలు కెమెరా నియమాలకంటె ముందు వస్తాయి. ప్రేక్షకులకు గీసిన హద్దు దాటరాదు. కంచెకు దగ్గరగా పోవడం అనుమతించిన చోటనే. కంచెకు ఒరగరాదు, వేళ్ళు దూర్చరాదు; ఢీకొన్నప్పుడు తీగ వెనక్కు సాగి కొడుతుంది. విద్యుత్ కార్లకు పాత ఇంజన్ల గర్జన ఉండదు. సన్నని ఈల వినిపించేసరికే కారు ఎదుట ఉంటుంది. ఒక కన్ను ఎప్పుడూ బాటపై ఉండాలి.

ఇంత జాగ్రత్తపడినా చిత్రంలో ఒక మూల మసక తీగ మిగిలితే బాధపడనక్కరలేదు. అవతల ఉన్న వేగం ఎంతటిదో, ఇవతల ఉన్న మనిషి ఎంత సుకుమారుడో ఆ తీగ చెబుతుంది. కారు ఎంత అందంగా పడినా, ఆ చిత్రాన్ని ఇంటికి తెచ్చుకోగలిగింది ఆ తీగ పుణ్యమే.