త్రాసుకు అందని ధర: అమెరికా పాత బంగారు నాణేల బేరం

బంగారం వర్తకంలో చివరి మాట త్రాసుదే. నాణెమైనా, బిస్కెట్ అయినా, పాత నగ అయినా బరువు, వన్నె తేలితే ఆనాటి ధరతో హెచ్చవేసి, తరుగు తీసివేసి బేరం ముగించవచ్చు. ఈ లెక్క బొత్తిగా పనిచేయని సరకు ఒకటి వుంది. 19వ శతాబ్దంలో అమెరికా ప్రభుత్వ టంకశాలలు ముద్రించిన బంగారు నాణేలలో అరుదైన రకాలు ఆ కోవలోనివి.

2021 మార్చిలో అమెరికాలో జరిగిన వేలంపాటలో 1822 నాటి 5 డాలర్ల నాణెం ఒకటి 84 లక్షల డాలర్లు పలికింది. దాని బరువు 8.75 గ్రాములు, అంటే ముప్పాతిక తులం. అందులో మేలిమి 8 గ్రాములు. ఔన్సు బంగారం 2,000 డాలర్లు అని లెక్క కట్టినా ఆ నాణెంలోని లోహం విలువ 516 డాలర్లకు మించదు. మిగిలిన సొమ్మంతా దేనికి చెల్లించినట్లు అనేది బులియన్ వర్తకునికి సహజంగా కలిగే సందేహం. క్లుప్తంగా చెప్పాలంటే, తోటి నాణేలన్నీ మూసలో కరిగిపోగా అది మిగిలినందుకు.

నాణేల రకాలు

1792 నాటి నాణేల చట్టం మూడు రకాల బంగారు నాణేలను నిర్ణయించింది. 10 డాలర్ల నాణెం ఈగిల్, 5 డాలర్లది హాఫ్ ఈగిల్, రెండున్నర డాలర్లది క్వార్టర్ ఈగిల్. 1848 జనవరిలో కాలిఫోర్నియాలో బంగారం బయటపడింది. ఆ రాబడిని నాణేలుగా మార్చేందుకు 1849 మార్చిలో 1 డాలరు, 20 డాలర్ల నాణేలకు కూడా చట్టం అనుమతించింది. ఈ 20 డాలర్ల నాణెమే డబుల్ ఈగిల్. 1854 నుంచి 1889 వరకు 3 డాలర్ల నాణెం కూడా ముద్రణలో వుంది.

1837 తరువాతి నాణేలన్నీ వెయ్యికి 900 వన్నె. డబుల్ ఈగిల్ బరువు 33.436 గ్రాములు, అందులో మేలిమి 0.9675 ఔన్సు. హాఫ్ ఈగిల్ బరువు 8.359 గ్రాములు, మేలిమి 7.52 గ్రాములు. మన బజారులో కాసుగా పేరుపడిన బ్రిటిష్ సవరను బరువు 7.988 గ్రాములు, మేలిమి 7.32 గ్రాములు. కాబట్టి హాఫ్ ఈగిల్ మన కాసుకు దగ్గరి చుట్టం. వన్నె కాస్త తక్కువ, మేలిమి కాస్త ఎక్కువ.

నిష్పత్తి తెచ్చిన నష్టం

1792 చట్టం ఒక వంతు బంగారానికి 15 వంతుల వెండి సమానమని నిర్ణయించింది. ఐరోపా మార్కెట్లలో మాత్రం ఒక వంతు బంగారానికి పదిహేనున్నర వంతుల వెండి వచ్చేది. అమెరికాలో 15 ఔన్సుల వెండికి 1 ఔన్సు బంగారు నాణేలు తీసుకుని ఐరోపాలో అమ్మితే అర ఔన్సు వెండి మిగిలేది. అంటే నూటికి 3కు పైగా లాభం. ఓడ బాడుగ, బీమా పోను గిట్టుబాటు అయినంత కాలం నాణేలు టంకశాల గుమ్మం దాటి నేరుగా ఓడ ఎక్కేవి. స్వదేశంలో చెలామణికి నిలవని నాణేన్ని ముద్రించి ప్రయోజనం లేదని 10 డాలర్ల నాణెం ముద్రణను 1804లో నిలిపివేశారు. తిరిగి 1838లో గాని చేపట్టలేదు.

ఎగుమతి కాకుండా మిగిలిన కొద్దిపాటి నాణేలను 1834 జూన్ నాటి చట్టం కబళించింది. ఆ చట్టం 5 డాలర్ల నాణెంలో మేలిమిని 123.75 గ్రెయిన్ల నుంచి 116 గ్రెయిన్లకు తగ్గించింది. దానితో పాత నాణెంలోని బంగారం కొత్త లెక్కలో 5 డాలర్ల 33 సెంట్లకు సమానమైంది. 33 సెంట్ల లాభం కళ్ళెదుట వుండగా పాత నాణేన్ని 5 డాలర్లకే చెల్లించే వర్తకుడు వుండడు. పాత సరకు దాదాపు మొత్తం మూసల పాలయింది. 1822లో 17,796 నాణేలు ముద్రించినట్లు టంకశాల లెక్కల్లో వుంది. వాటిలో ఇప్పుడు జాడ తెలిసినవి మూడే. రెండు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ సంస్థ వద్ద వున్నాయి. బజారుకు రాగలది ఒక్కటే. ఆ ఒక్కటే 2021లో 84 లక్షలు పలికింది.

1933 ఉత్తర్వు

రెండవ దెబ్బ సుమారు నూరేళ్ళ తరువాత తగిలింది. 1933 ఏప్రిల్ 5న అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ప్రజలు తమ వద్ద వున్న బంగారాన్ని మే 1 లోగా బ్యాంకులకు అప్పగించాలని ఉత్తర్వు జారీ చేశారు. మనిషికి 100 డాలర్ల వరకు మినహాయింపు ఇచ్చారు. సేకరణదారుల దృష్టిలో ప్రత్యేక విలువ గల అరుదైన నాణేలకు కూడా మినహాయింపు లభించింది. డబుల్ ఈగిల్ అప్పగించినవారికి 20 డాలర్లే దక్కాయి. 1934 జనవరిలో ప్రభుత్వం ఔన్సు ధరను 20.67 డాలర్ల నుంచి 35 డాలర్లకు పెంచింది. అదే నాణెంలోని మేలిమి ఒక్కసారిగా 33 డాలర్ల 86 సెంట్లు అయింది. అప్పగించినవారు నష్టపోగా, ఖజానాకు చేరిన నాణేలను కరిగించి కడ్డీలుగా మార్చారు. మామూలు పౌరులు బంగారం స్వేచ్ఛగా వుంచుకునే హక్కు 1974 డిసెంబరు 31న గాని తిరిగి రాలేదు.

ముద్రణ సంఖ్యను బట్టి అరుదును అంచనా వేయరాదనడానికి ఈ రెండు ఘట్టాలే నిదర్శనం. లక్షలలో ముద్రించిన నాణెం కరిగిపోయి అరుదు కావచ్చు. ఐరోపా బ్యాంకుల ఖజానాలలో నిలవ వున్న నాణేలు ఈ ఉత్తర్వుకు చిక్కకుండా తప్పించుకుని తరువాతి దశాబ్దాలలో మూటలుగా అమెరికాకు తిరిగి వచ్చాయి. 1890లలో శాన్ ఫ్రాన్సిస్కోలో ముద్రించిన డబుల్ ఈగిల్ నాణేలు పలు సంవత్సరాలవి నేటికీ లోహం ధరకు కొంచెం అటుఇటుగా దొరకడానికి ఇది ముఖ్య కారణం.

ఒక్క అక్షరం విలువ

నాణెం మీద సంవత్సరం తరువాత చూడవలసింది టంకశాల గుర్తు. ఫిలడెల్ఫియాలోని ప్రధాన టంకశాల 19వ శతాబ్దపు బంగారు నాణేలపై గుర్తు వేయలేదు. 1838లో పని మొదలుపెట్టిన షార్లట్ టంకశాలకు 'సి', డాలోనెగాకు 'డి', న్యూ ఆర్లియన్స్‌కు 'ఓ' గుర్తులు. షార్లట్, డాలోనెగా బంగారు నాణేలు మాత్రమే ముద్రించి 1861లో అంతర్యుద్ధంతో మూతబడ్డాయి. ఆ ఏడాది డాలోనెగా దక్షిణ రాష్ట్రాల చేతికి చిక్కిన తరువాత అక్కడ ముద్రించిన 1 డాలరు నాణేలకు అధికారిక లెక్కే లేదు. 1854లో ప్రారంభమైన శాన్ ఫ్రాన్సిస్కోది 'ఎస్'. నెవాడాలోని కార్సన్ సిటీది 'సిసి'. ఇది 1870లో మొదలుపెట్టినప్పుడు ఆ ఏడాది ముద్రించిన డబుల్ ఈగిల్ నాణేలు 3,789 మాత్రమే.

ఈ అక్షరం ఎంతటి ధరను మోయగలదో 2018 నాటి ఉదంతం చెబుతుంది. 1854లో శాన్ ఫ్రాన్సిస్కోలో ముద్రించిన 5 డాలర్ల నాణేలు 268. ఎన్నో ఏళ్ళుగా వాటిలో తెలిసినవి మూడే. ఒకటి స్మిత్‌సోనియన్‌లో వుంది. ఒకటి 1967లో దోపిడీలో పోయింది. 2018లో నాలుగవది బయటపడింది. స్వంతదారుకు అది నకిలీ అన్న మాటే అంతకుముందు వినవచ్చింది. ఎన్జీసీ అనే ధ్రువీకరణ సంస్థ స్మిత్‌సోనియన్ నాణెం చిత్రాలతో పోల్చి చూసి అసలుదేనని తేల్చింది. ఆ ఆగస్టులో అది 21 లక్షల 60 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. అప్పట్లో ఔన్సు బంగారం సుమారు 1,200 డాలర్లు. తూకానికి అమ్మివుంటే స్వంతదారు చేతికి వచ్చేది 290 డాలర్లు.

స్థితి, మెరుగు

మూడవది నాణెం స్థితి. దీనిని 1 నుంచి 70 వరకు అంకెలతో సూచిస్తారు. ఈ కొలతను 1949లో విలియం షెల్డన్ రాగి సెంట్ల కోసం ప్రవేశపెట్టగా తరువాత అన్ని నాణేలకూ వర్తింపజేశారు. చాలాకాలం అమ్మేవాని మాటే ప్రమాణంగా వుండేది. 1986లో పీసీజీఎస్, 1987లో ఎన్జీసీ సంస్థలు నాణెం పరీక్షించి, అంకె వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇవ్వడం మొదలుపెట్టాయి. దానితో నాణెం కళ్ళజూడకుండానే బేరం సాగే వీలు కలిగింది.

ఇక్కడ మన కంసాలి అలవాటు చేటు చేస్తుంది. కుంకుడు రసంతో రుద్ది, బ్రష్ కొట్టి మెరుగు పెడితే నగకు విలువ పెరుగుతుంది, అరుదైన నాణేనికి తరుగుతుంది. కాసులపేరులో గుచ్చేందుకు కొక్కెం అతికిన నాణెం అతుకు ఊడదీసినా పాత స్థితికి రాదు. అటువంటి దానికి సీలు పెట్టెలో అంకె దొరకదు. ధర సింహభాగం అక్కడే పోతుంది.

కొత్త సరకు దిగితే

పంట దిగుబడి ధరను ఎలా కదిలిస్తుందో, భూమిలోనో సముద్రంలోనో దాగిన నాణేలు బయటపడినా అలాగే కదిలిస్తాయి. 1857 సెప్టెంబరులో కాలిఫోర్నియా బంగారంతో వస్తున్న సెంట్రల్ అమెరికా అనే ఓడ తుఫానులో మునిగి నాలుగు వందల మందికి పైగా మరణించారు. 1988లో ఓడ జాడ కనుగొన్నారు. ఆ సరకులో 1857 శాన్ ఫ్రాన్సిస్కో డబుల్ ఈగిల్ నాణేలు ఐదు వేలకు పైగా, చాలావరకు కొత్తవాటిలా వున్నాయి. అంతవరకు ఆ సంవత్సరపు నాణెం మంచి స్థితిలో దొరకడం దుర్లభం. ఆ తరువాత కోరినవారికి దొరికే సరకు అయింది. 2013లో కాలిఫోర్నియాలో ఒక దంపతులకు తమ స్థలంలో పాతిపెట్టిన డబ్బాలలో 1847 నుంచి 1894 వరకు గల 1,427 నాణేలు దొరికాయి. కాబట్టి తెలిసినవి ఇన్నే అనడం నేటి లెక్క మాత్రమే. రేపటికి పూచీ ఎవరూ ఇవ్వలేరు.

గీటురాయి నెగ్గిన నకిలీ

బంగారం వర్తకుడు మోసపోయేది తన పరీక్ష మీది నమ్మకంతోనే. రెండవ ప్రపంచ యుద్ధం తరువాతి దశాబ్దాలలో లెబనాన్ తదితర చోట్ల అసలు బంగారంతో, సరైన బరువుతో అమెరికా నాణేలకు నకిలీలు తయారయ్యాయి. వాటిని గీటురాయి మీద గీసినా, త్రాసులో తూచినా నెగ్గుతాయి. నకిలీదారు లాభం లోహంలో కల్తీ వల్ల వచ్చేది కాదు, లోహం పైన పలికే ధరలో వుంటుంది. మరో పద్ధతిలో గుర్తు లేని ఫిలడెల్ఫియా నాణేనికి 'సి', 'డి', 'ఎస్' అక్షరం అతికిస్తారు. నాణెం అసలుదే, అక్షరం మాత్రం దొంగది. భూతద్దం కింద అక్షరం చుట్టూ అతుకు గీత, అంచు పళ్ళ తీరు, అచ్చు మీది చిన్న లోపాలు చూసి పోల్చవలసి వుంటుంది. ఇది ఆ విద్యలో ఆరితేరినవారి పని. పూర్వపు స్వంతదారుల వివరాలు కూడా అడగక తప్పదు. దొంగిలించిన నాణేన్ని ఎంత ధరకు కొన్నా హక్కు దక్కుతుందన్న భరోసా లేదు.

రాబడి లెక్క

వార్తలకెక్కే ధరలు చూసి ఆశపడేవారు కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1822 నాటి నాణేన్ని బాల్టిమోర్ ధనికుడు లూయీ ఎలియాస్‌బర్గ్ 1945లో 14,000 డాలర్లకు కొన్నారు. 1982లో అది 6 లక్షల 87 వేల 500 డాలర్లకు అమ్ముడుపోయింది. 37 ఏళ్ళలో 49 రెట్లు. సాలుకు సుమారు 11 శాతం చక్రవడ్డీ పడినట్లు. 1982 నుంచి 2021 వరకు 39 ఏళ్ళలో పెరిగినది 12 రెట్లు. సాలుకు ఆరున్నర శాతం దరిదాపు. ఇదే కాలంలో ఔన్సు బంగారం సుమారు 375 డాలర్ల నుంచి 1,800 డాలర్లకు, అంటే ఐదు రెట్లకు లోపుగానే పెరిగింది. బిస్కెట్ కన్నా నాణెం మెరుగే. కాని ఇది అరుదైన వాటన్నిటిలోకి అరుదైన నాణెం లెక్క. మధ్య రకం నాణేలకు ఇది వర్తించదు.

పైగా ఈ వేలం ధరలన్నీ కొనుగోలుదారు చెల్లించే కమీషన్‌తో కలిపినవి. ఇటీవలి పాటలలో ఇది 20 శాతం మేరకు వుంటోంది. కొన్న మర్నాడు అదే పాటకు అమ్మినా ఆ మేరకు నష్టమే. నిలవ కాలంలో వడ్డీ రాదు, బీమా, లాకరు ఖర్చు మాత్రం వుంటుంది. బంగారం ఏ పూటైనా అమ్ముడుపోతుంది. అరుదైన నాణేనికి తగిన గిరాకీ ఎదురుచూడక తప్పదు.

రెండు ఖాతాలు

ఈ బేరంలో దిగేవారు ప్రతి నాణేనికీ రెండు ధరలు విడిగా రాసుకోవడం మేలు. ఒకటి తూకం ధర. అది దిన ధరతో పాటు హెచ్చుతగ్గులకు లోనవుతుంది గాని బొత్తిగా పోదు. రెండవది అరుదుకు పలికే పైధర. అది మిగిలిన నాణేల సంఖ్య, స్థితి, ధ్రువీకరణ, ఇద్దరు ముగ్గురు సేకరణదారుల పట్టుదల మీద ఆధారపడి వుంటుంది. మొదటి ధరకు దగ్గరగా కొన్నవారికి పెద్ద ప్రమాదం లేదు. రెండవ ధర చెల్లించేవారు దేనికి చెల్లిస్తున్నారో తెలిసి చెల్లించాలి.

విదేశాల నుంచి తిరిగివచ్చిన కుటుంబాలు తెచ్చిన నాణెమో, తాతల నాటి పెట్టెలోని నాణెమో దుకాణానికి వచ్చినప్పుడు మూసలో వేయడానికి ముందు సంవత్సరం, అక్షరం భూతద్దం కింద చూడడానికి నిమిషం చాలు. నూటికి తొంభైతొమ్మిది సార్లు అది తూకం సరకే కావచ్చు. ఆ మిగిలిన ఒక్కసారి కరిగించిన తరువాత మాత్రం దిద్దుబాటు లేదు.