పాత డీవీడీ రైటర్‌లోని లేజర్: వెలగలేదని కంటి దగ్గర పెట్టుకోకండి

బెంగళూరులో గుజరి అంగడి అంటారు. చెన్నైలో కాయలాన్ కడై, సోలాపూర్‌లో భంగార్ దుకాణం, మన ఇళ్లలో పాత సామాన్ల కొట్టు. పేరు ఏదైనా, అక్కడ ఓ మూల పాత డీవీడీ డ్రైవులు గుట్టగా పడి ఉంటాయి. ఇంజినీరింగ్ చదివే పిల్లలు, స్కూలు సైన్స్ ఎగ్జిబిషన్‌కు ఏదో ఒకటి చేద్దామనుకునేవాళ్లు వాటిని చవగ్గా తెచ్చుకుని విప్పుతారు. లోపల శనగగింజకన్నా చిన్నదైన లేజర్ డయోడ్ దొరుకుతుంది. దానికి కరెంటు ఇస్తారు. వెలగదు. ఏమైందా అని కంటికి దగ్గరగా తెచ్చి చూస్తారు.

ప్రమాదమంతా అక్కడే ఉంది. వెలగనట్టు కనిపించే లేజర్ నిజంగా వెలుగుతూ ఉండొచ్చు. డయోడ్ పోతే ఇంకొకటి దొరుకుతుంది, కన్ను దొరకదు. అందుకే డయోడ్‌ను ఎలా గుర్తుపట్టాలో, కంటితో చూడకుండానే ఎలా పరీక్షించాలో తెలుసుకుందాం.

ఎందులోంచి తీశారు?

ఏ యంత్రంలోంచి తీశారో ముందు రాసిపెట్టుకోండి. సగం సమాచారం అక్కడే దొరుకుతుంది.

సీడీ ప్లేయర్‌లో ఉండేది 780 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ లేజర్. డీవీడీ చదివేది 650 నానోమీటర్ల ఎరుపు. డీవీడీ డ్రైవు సీడీలను కూడా చదవాలి కాబట్టి అందులో రెండూ ఉంటాయి. బ్లూరే డ్రైవులో 405 నానోమీటర్ల ఊదారంగు లేజర్ కూడా చేరుతుంది. లేజర్ ప్రింటర్‌లో ఎక్కువగా ఇన్‌ఫ్రారెడే ఉంటుంది.

డ్రైవు కేవలం చదివేదా, రాసేదా అన్నది కూడా చూడండి. చదివే డయోడ్ శక్తి కొన్ని మిల్లీవాట్లే. రైటర్‌లోని ఎరుపు డయోడ్ 100 మిల్లీవాట్లు దాటగలదు. 5 నుంచి 500 మిల్లీవాట్ల లేజర్లను క్లాస్ 3బీ అంటారు. నేరుగా కంట్లో పడితే హాని చేసే తరగతి అది.

మూడు కాళ్ల లెక్క

ఎక్కువ డయోడ్లు 5.6 మిల్లీమీటర్ల గుండ్రటి లోహపు డబ్బీలో, మూడు కాళ్లతో వస్తాయి. సాధారణంగా ఒక కాలు లేజర్‌ది, ఒకటి కాంతిని కొలిచే ఫొటోడయోడ్‌ది, మూడోది రెండింటికీ ఉమ్మడి. ఉమ్మడి కాలు మామూలుగా డబ్బీకి కలిసి ఉంటుంది. మల్టీమీటర్‌ను కంటిన్యుటీలో పెడితే అది తేలిపోతుంది.

తర్వాత మీటర్‌ను డయోడ్ పరీక్షలో పెట్టి, ఉమ్మడి కాలికీ మిగతా రెండింటికీ మధ్య చూడండి. 0.6 వోల్టు దగ్గర చూపిస్తే అది ఫొటోడయోడ్. ఇన్‌ఫ్రారెడ్ లేజర్ అంతకన్నా ఎక్కువ, సుమారు 1.2 నుంచి 1.5 చూపిస్తుంది. ఎరుపు ఇంకా పైన ఉంటుంది. ఊదా డయోడ్‌కు చాలా మీటర్ల వోల్టేజి చాలదు కాబట్టి ఏమీ చూపించకపోవచ్చు. అంతమాత్రాన అది పోయిందనుకోకండి. లేజర్ డయోడ్ ఉల్టా వోల్టేజిని 2 వోల్టులకు మించి తట్టుకోదు. కాబట్టి మీటర్ తీగలను క్షణం సేపు ఆనించి తీసేయండి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. కొన్ని డీవీడీ డయోడ్లలో ఒకే డబ్బీలో రెండు లేజర్లు ఉంటాయి. ఒక కాలు ఎరుపుది, ఒకటి ఇన్‌ఫ్రారెడ్‌ది, మూడోది ఉమ్మడి. మీరు ఎరుపనుకుని ఇన్‌ఫ్రారెడ్ కాలికి కరెంటు ఇస్తే కంటికి ఏమీ కనిపించదు. ‘వెలగలేదు’ అనిపించే సందర్భాల్లో ఇదొకటి.

కన్ను ఎందుకు మోసపోతుంది

780 నానోమీటర్ల కాంతి మనకు దాదాపు కనిపించదు. మహా అయితే మసక ఎర్రచుక్కలా తోస్తుంది. కానీ కంటి కటకం దాన్ని కూడా మామూలు వెలుగులాగే రెటీనా మీద చిన్న బిందువుగా కూడగడుతుంది. కళ్లు మిరుమిట్లు గొలిపే వెలుగు పడితే పావు సెకనులో రెప్ప మూతపడుతుంది. కనిపించని కాంతికి రెప్ప పడదు. పైగా రెటీనాకు నొప్పి తెలియదు. కాలుతున్న సంగతే మనకు అందదు.

చలువ కళ్లద్దాలు దీన్ని ఆపలేవు. ఎరుపు లేజర్‌కు ఎర్రటి అద్దం అసలే పనికిరాదు, ఎరుపును లోపలికి పంపేదే అది. లేజర్ కళ్లద్దాల మీద ఏ నానోమీటర్ల నుంచి ఏ నానోమీటర్ల వరకు, ఎంత ఓడీ అన్నది ముద్రించి ఉండాలి. ఓడీ 4 అంటే పదివేలలో ఒక వంతు కాంతే లోపలికి వస్తుంది. ఆ అంకెలు లేని అద్దాలను నమ్మకండి. డీవీడీ డయోడ్‌కైతే 650, 780 రెండూ ఆ పరిధిలోకి రావాలి.

పరీక్ష: పెట్టె మూసి, మీటర్ చూసి

డయోడ్‌ను విడదీసేటప్పుడు మూడు కాళ్లనూ సన్నటి రాగితీగతో చుట్టేయండి. ఒంటిమీది స్టాటిక్ విద్యుత్తు చాలు దాన్ని చంపడానికి. నైలాన్ బట్టలు వద్దు. కుదిరితే డయోడ్‌ను దాని లోహపు దిమ్మెలోనే ఉంచండి, వేడి లాగేస్తుంది. తీగలు అతికాక చుట్టిన రాగితీగ తీసేయండి.

లేజర్ డయోడ్‌కు ఇవ్వాల్సింది లెక్కగట్టిన కరెంటు. బ్యాటరీకి నేరుగా కలిపితే పోతుంది. ఎల్ఎం317 ఐసీతో సులువుగా కరెంటు సర్క్యూట్ చేయొచ్చు. దాని ఔట్‌పుట్, అడ్జస్ట్ కాళ్ల మధ్య రెసిస్టర్ పెడితే, అడ్జస్ట్ కాలి నుంచి వచ్చే కరెంటు 1.25ను ఆ ఓమ్‌లతో భాగిస్తే వచ్చినంత. 22 ఓమ్‌ల రెసిస్టర్‌కు వరుసలో 100 ఓమ్‌ల పాట్ కలిపితే సుమారు 10 నుంచి 57 మిల్లీఆంపియర్ల వరకు మార్చుకోవచ్చు. పాట్ నడిమి కాలును ఒక చివరి కాలితో కలిపేయండి. లోపల కాంటాక్ట్ వదిలినా కరెంటు తగ్గుతుందే తప్ప పెరగదు. 9 వోల్టుల బ్యాటరీ చాలు. ఊదా డయోడ్‌కు 4.5 నుంచి 5 వోల్టులు కావాలి కాబట్టి ఈ సర్క్యూట్ దానికి సరిపోదు.

ముందు లేజర్ బదులు మూడు 1ఎన్4007 డయోడ్లు, ఒక 1 ఓమ్ రెసిస్టర్ వరుసగా కలిపి చూడండి. రెసిస్టర్ మీద ఎన్ని మిల్లీవోల్టులు ఉంటే అన్ని మిల్లీఆంపియర్లు పారుతున్నట్టు. సర్క్యూట్ మాట వింటోందని తేలాకే, బ్యాటరీ తీసేసి, మూడు డయోడ్ల చోట లేజర్‌ను అతికించండి. బ్యాటరీ ఎప్పుడూ చివర్లోనే కలపాలి. కరెంటు ఉండగా డయోడ్‌ను తగిలిస్తే ఒక్కసారిగా వచ్చే దెబ్బకు చచ్చిపోతుంది.

ఇప్పుడు లేజర్‌ను అట్టపెట్టెలో పెట్టి, ఎదురుగా తోటలో పెట్టే సోలార్ దీపంలోని చిన్న ప్యానెల్‌ను నిలబెట్టండి. దాని తీగలు బయట రెండో మీటర్‌కు, కరెంటు కొలిచే చోటికి. పెట్టె మూయండి, సందులకు టేపు వేయండి. క్యాలిక్యులేటర్‌లోని గోధుమరంగు ప్యానెల్ వద్దు, ఇన్‌ఫ్రారెడ్‌ను అది సరిగా పట్టుకోదు. పెట్టె మూసి ఉన్నా కళ్లద్దాలు తీయకండి. పిల్లలను గదిలోకి రానివ్వకండి.

ఎక్కడ ఆపాలి

10 మిల్లీఆంపియర్లతో మొదలుపెట్టి రెండేసి చొప్పున పెంచుతూ, ప్రతిసారీ రెండు మీటర్ల అంకెలూ రాసుకోండి. మొదట ప్యానెల్ అంకె నత్తనడక నడుస్తుంది. అప్పటిదాకా డయోడ్ మామూలు ఎల్ఈడీలాంటిదే. ఒక చోట అంకె గబుక్కున లేస్తుంది. లేజర్ పుట్టేది ఆ మలుపులోనే. డయోడ్ బాగుందని తేలిపోయింది. అక్కడే ఆపేయండి.

రైటర్ డయోడ్ మలుపు దాటాక, పెంచిన ప్రతి మిల్లీఆంపియర్‌కూ సుమారు ఒక మిల్లీవాట్ కాంతి ఇస్తుంది. ఇంకో పది పెంచితే క్లాస్ 3బీలో అడుగుపెట్టినట్టే.

57 దాకా వెళ్లినా మలుపు రాకపోతే రెండు కారణాలు ఉండొచ్చు. ఎప్పుడో ఎక్కువ కరెంటు తగిలి, కాంతి బయటికొచ్చే అంచు కాలిపోయి ఉండాలి. లేదా అది రైటర్ డయోడ్, దాని మలుపు ఇంకా పైన ఉండాలి. డేటాషీటు చేతిలో లేకుండా అంతకు మించి పెంచకండి. ఏదైనా సరే, పెట్టె తెరిచి చూడాలనిపిస్తే ముందు బ్యాటరీ తీయండి.

ఒకవేళ కంట్లో పడిందని అనుమానం వస్తే, చూపు బాగానే ఉన్నా నలపకుండా, బండి నడపకుండా అదే రోజు రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎన్ని నానోమీటర్ల లేజరో చెప్పండి. యంత్రం పేరు ముందే రాసిపెట్టుకున్న కాగితం అప్పుడూ పనికొస్తుంది.