రక్త నమూనాలలో హార్మోనుల స్థిరీకరణ

రక్త నమూనాలలో హార్మోనుల స్థిరీకరణ అనగా పరిశోధన కొరకు సేకరించిన రక్తంలోని జీవక్రియా హార్మోనులు (ఇన్సులిన్, గ్లూకగాన్, జి.ఎల్.పి.-1, గ్రెలిన్ మొదలైనవి) పరీక్ష జరిగే వరకు విచ్ఛిన్నం కాకుండా కాపాడే ప్రక్రియ. మధుమేహం, స్థూలకాయం, ఆకలి గురించిన అధ్యయనాల విశ్వసనీయత చాలావరకు దీనిపై ఆధారపడి ఉంటుంది.

విచ్ఛిన్నానికి కారణాలు

ఈ హార్మోనులు పెప్టైడులు, అనగా అమైనో ఆమ్లాల గొలుసులు. శరీరం నుండి బయటికి తీసిన తరువాత కూడా రక్తంలోని ఎంజైములు పనిచేస్తూనే ఉంటాయి.

* జి.ఎల్.పి.-1: డి.పి.పి.-4 అనే ఎంజైము దీని మొదటి రెండు అమైనో ఆమ్లాలను తెంచివేస్తుంది. శరీరంలో దీని అర్ధాయువు సుమారు 2 నిమిషాలు మాత్రమే.
* గ్రెలిన్: 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్న ఆకలి హార్మోను. దీనికి అతుక్కుని ఉండే 8 కర్బన పరమాణువుల కొవ్వు ఆమ్లాన్ని ఎస్టరేజు ఎంజైములు తొలగిస్తాయి. అప్పుడది ఆకలిని ప్రేరేపించే గ్రాహకాన్ని ఉత్తేజపరచలేదు.
* ఇన్సులిన్: ఎర్ర రక్తకణాలు పగిలినపుడు వాటిలోని ఎంజైము వెలువడి ఇన్సులిన్‌ను విచ్ఛిన్నం చేస్తుంది.

పద్ధతులు

రక్తం గడ్డకట్టకుండా ఈ.డి.టి.ఎ. కలిపిన గొట్టాలను వాడతారు. జి.ఎల్.పి.-1 కొరకు డి.పి.పి.-4 నిరోధకాన్ని గొట్టంలో ముందుగానే ఉంచుతారు. గ్లూకగాన్ కొరకు అప్రోటినిన్ కలిపే వాడుక ఉంది. గ్రెలిన్ కొరకు ఎస్టరేజు నిరోధకాన్ని కలిపి, ప్లాస్మాను వేరుచేసిన పిదప హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేరుస్తారు. నమూనాలను మంచులో ఉంచి, చల్లని సెంట్రిఫ్యూజులో తిప్పి, ప్లాస్మాను చిన్న చిన్న భాగాలుగా -80 డిగ్రీల సెల్సియస్ వద్ద భద్రపరుస్తారు. ఒకే నమూనాను పలుమార్లు కరిగించి గడ్డకట్టించరాదు.

ఉష్ణ ప్రాంతాలలో సమస్య

ఈ.డి.టి.ఎ. కలిపిన రక్తంలో ఇన్సులిన్ గది ఉష్ణోగ్రత వద్ద 24 గంటల వరకు నిలకడగా ఉంటుందని బ్రిటన్‌లో జరిగిన అధ్యయనం తెలిపింది. అయితే అక్కడి గది ఉష్ణోగ్రత వేరు. స్వర్ణముఖి నది ఒడ్డున ఉన్న నాయుడుపేటలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. ఇటువంటి పట్టణంలో సేకరించిన నమూనాను తిరుపతికో, నెల్లూరుకో, చెన్నైకో రోడ్డు మార్గాన పంపవలసివస్తే ఆ 24 గంటల హామీ వర్తించదు. మంచు పెట్టె, సేకరణ స్థలంలోనే సెంట్రిఫ్యూజు అవసరమవుతాయి. కణాలను వేరుచేయని రక్తంలో గ్లూకోజు కూడా గంటకు సుమారు 5-7 శాతం తగ్గుతుంది. వేడిలో ఇంకా త్వరగా తగ్గుతుంది.

హైదరాబాదు పోషకాహార అధ్యయనం

జాతీయ పోషకాహార సంస్థ 1987-90లో హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాలలో ఒక అధ్యయనం చేపట్టింది. వీటిలో 15 గ్రామాలలోని గర్భిణులకు, చిన్నపిల్లలకు అనుబంధ పోషకాహారం అందింది. 2003-05లో 13-18 ఏళ్ళ వయసుకు వచ్చిన 1,165 మందిని పరీక్షించారు. పోషకాహారం అందిన గ్రామాల పిల్లలలో ఇన్సులిన్ నిరోధకత సుమారు 20 శాతం తక్కువగా ఉన్నట్లు 2008లో ప్రకటించారు.

ఇన్సులిన్ నిరోధకతను పరగడుపు గ్లూకోజు, ఇన్సులిన్ విలువల నుండి లెక్కకడతారు. ఎండలో ఉంచిన నమూనాలో ఈ రెండూ తగ్గుతాయి కనుక నిరోధకత కూడా తక్కువగా కనిపిస్తుంది. ఒక వర్గం గ్రామాల నమూనాలు మాత్రమే ఆలస్యంగా ప్రయోగశాల చేరితే, లేని తేడా ఉన్నట్లు గాని, ఉన్న తేడా లేనట్లు గాని తేలవచ్చు. అందువలన ఇటువంటి అధ్యయనాలలో అన్ని గ్రామాల నమూనాలనూ ఒకే సమయంలో, ఒకే పద్ధతిలో భద్రపరచడం ముఖ్యం.