పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు, పికప్‌లను తక్కువ ఖర్చుతో పొలం బాటకు సిద్ధం చేసుకోవడం

ఈమధ్య పల్లెల్లో పాత ఫోర్‌వీల్ డ్రైవ్ బండ్లకు మళ్లీ గిరాకీ వచ్చింది. మహీంద్రా ఎంఎం 540, కమాండర్, బొలెరో క్యాంపర్ ఫోర్‌వీల్ వంటివి సెకండ్‌హ్యాండ్‌లో కొని, ఎరువు బస్తాలకు, కూరగాయల క్రేట్లకు, వానాకాలంలో డొంక దారిన పొలం చేరడానికి వాడుతున్నారు. ట్రాక్టరు ఉన్న రైతులు కూడా కొంటున్నారు. మార్కెట్‌కు 40 కిలోమీటర్లు ట్రాక్టరు తోలడం డీజిలుకూ నడుముకూ నష్టమే కదా.

కొన్న వెంటనే జరిగేది ఏమిటంటే, బండిని నేరుగా పట్నంలోని యాక్సెసరీ షాపుకు తీసుకెళ్లడం. ముందు పెద్ద ఇనుప గార్డు, పైన లైట్ల వరుస, కమాన్ల కింద దిమ్మెలు పెట్టి ఎత్తు లేపడం. అంతా అయ్యాక మొదటి వానకే నల్లరేగడిలో దిగబడి, పక్క రైతు ట్రాక్టరుతో లాగించుకోవడం. డబ్బు పెట్టారు, కానీ పెట్టాల్సిన చోట పెట్టలేదు. దేనికి ముందు ఖర్చు పెట్టాలో, దేనికి అసలు పెట్టనక్కర్లేదో ఇక్కడ వివరిస్తున్నాను.

కొనే ముందు

రంగు, సీట్లు తర్వాత చూడండి. ముందుగా బండి కిందకు దూరి ఛాసిస్ చూడాలి. కమాన్లు ఛాసిస్‌కు తగిలించే బ్రాకెట్ల దగ్గర పగుళ్లు, వాటిపై వేసిన వెల్డింగ్ అతుకులు, తుప్పు ఉన్నాయేమో గమనించాలి. ఎరువులు మోసిన బండి అయితే ఇంకా జాగ్రత్త. యూరియా, పొటాష్ వంటివి తేమతో కలిసి ఇనుమును తినేస్తాయి. తొట్టి పైకి బాగానే కనిపిస్తుంది, కింది క్రాస్ మెంబర్లు సుత్తితో తడితే రాలిపోతాయి.

ఫోర్‌వీల్ పనిచేస్తోందా లేదా అన్నది అమ్మేవారి మాట మీద నమ్మవద్దు. ముందు చక్రాలకు చేతితో తిప్పే లాకింగ్ హబ్‌లు ఉన్న బండి అయితే ఇలా పరీక్షించాలి. వెనుక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, లివరును టూవీల్‌లో ఉంచి, ముందు చక్రం ఒకదాన్ని జాకీతో లేపాలి. రెండు హబ్‌లూ లాక్ చేసి, లేచిన చక్రాన్ని చేతితో తిప్పితే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ తిరగాలి. రెండు హబ్‌లూ వదిలేసి తిప్పితే షాఫ్ట్ కదలకూడదు. ఆ తర్వాత మెత్తని మట్టిలో లో గేరులో నడిపి, లివరు దానంతట అది జారిపోతోందేమో చూసుకోవాలి.

ఆర్‌సీలోని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీదివాటితో సరిపోవాలి. పెట్రోలు జీపుకు డీజిల్ ఇంజిన్ ఎక్కించి, ఆర్‌సీలో రాయించనివి ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. సొంత వాడకం బండికి 15 ఏళ్లు దాటితే రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించాలి, అది ఐదేళ్లకే వస్తుంది. గూడ్స్ బండికి 8 ఏళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు. ఈ ఖర్చు కూడా బండి ధరలో కలిపి లెక్క వేసుకోండి.

మొదటి ఖర్చు: మరమ్మతు

కొత్త సామాను బిగించే ముందు పాతదాన్ని దాని అసలు స్థితికి తేవాలి. గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు వెనుక హౌసింగ్‌ల ఆయిల్ మొత్తం దించండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీరు వెళ్లినట్టు. డ్రెయిన్ బోల్టుకు సన్నని బూడిద లాంటి పొడి అంటుకుంటే అది సహజం. రేకు ముక్కలు వస్తే క్రౌను, పినియన్ లేదా బేరింగులు చూపించుకోవాలి.

పాత బండి వెనుక కుంగి ఉంటుంది. దానికి కమాను కట్టలో రెండు పట్టాలు అదనంగా వేయించడం మన దగ్గర అలవాటు. బరువు మోస్తుంది నిజమే. కానీ కమాను బిగుసుకుపోయి, గతుకుల్లో ఒక చక్రం గాలిలోకి లేస్తుంది. గాలిలో ఉన్న చక్రం బండిని లాగలేదు. దాని బదులు కట్ట విప్పించి, విరిగిన పట్టాలు మాత్రం మార్పించి, వంపు మళ్లీ కొట్టించి, మధ్య తుప్పు గీకించి, గ్రాఫైట్ గ్రీజు పూయించి, బుష్‌లు కొత్తవి వేయించండి. పోయిన ఎత్తులో చాలావరకు దానితోనే తిరిగి వస్తుంది.

బ్రేకులు, స్టీరింగ్ ఎండ్‌లు, జాయింట్ క్రాస్‌లు కూడా ఈ దశలోనే చూసుకోవాలి. వీటి గురించి వేరే చెప్పనక్కర్లేదు.

టైర్లు

బండి మీద పెట్టే ఖర్చులో సగం టైర్లకే పోయినా ఫరవాలేదు. గేర్లు, ఇంజిను ఎంత గట్టివైనా, నేలను పట్టేది నాలుగు అరచేతులంత రబ్బరే.

ఏ టైరు అన్నది మీ నేలను బట్టి ఉంటుంది. ఆదిలాబాద్, కర్నూలు నల్లరేగడిలో మట్టి టైరు గాళ్లలో ఇరుక్కుని, రెండు చుట్లకే టైరు నున్నగా అయిపోతుంది. అక్కడ గుబ్బల మధ్య వెడల్పు ఖాళీ ఉన్న మడ్ టైరు కావాలి. తిరిగేటప్పుడు మట్టిని విసిరేస్తుంది. పై పొర బురద, కింద గట్టి నేల ఉన్నచోట సన్నటి టైరే మేలు, కోసుకుంటూ పోయి గట్టి నేలను అందుకుంటుంది. పాత జీపుల 6.00-16 టైర్లు పాతకాలపువని తీసిపారేయకండి. గోదావరి, కృష్ణా లంకల ఇసుకలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. వెడల్పు టైరు, తక్కువ గాలి కావాలి. పాడేరు, అరకు వైపు ఘాట్ రోడ్లలో సగం తారు, సగం రాళ్ల బాట. అక్కడికి ఆల్ టెరైన్ రకం చాలు. మడ్ టైరు తడి తారు మీద బ్రేకుకు జారుతుంది, త్వరగా అరుగుతుంది.

సైజు పెంచాలని అందరికీ ఉంటుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. బండి అడుగున నేలకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది డిఫరెన్షియల్ గుండు. కమాన్లు లేపితే బాడీ లేస్తుంది గానీ గుండు లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే. అదీ టైరు మొత్తం ఎత్తు 2 అంగుళాలు పెరిగితే గుండు లేచేది 1 అంగుళమే. టైరు 10 శాతం పెద్దదైతే గేర్లన్నీ అంత మేర బరువెక్కుతాయి, బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్ కాలుతుంది. స్పీడోమీటరు కూడా తక్కువ చూపిస్తుంది. కంపెనీ పుస్తకంలో మీ మోడలుకు ఇచ్చిన సైజుల్లో పెద్దదాని దగ్గర ఆగడం మంచిది. నాలుగూ ఒకే సైజు, ఇంచుమించు ఒకే అరుగుదల ఉండాలి. లేకపోతే ఫోర్‌వీల్ వేసినప్పుడు ముందు, వెనుక యాక్సిల్‌లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి.

పాత టైర్లు కొంటే పక్కనున్న నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. రీట్రెడ్ వేసిన టైరును గాలి తగ్గించి నడపవద్దు, వేడికి పై పట్టీ ఊడి వస్తుంది.

గాలి తగ్గించడం అన్నది పైసా ఖర్చు లేని మార్పు. తారు మీద 32 పీఎస్ఐ ఉంచే తేలికపాటి బండికి బురదలో, ఇసుకలో 20 వరకు దించితే టైరు పొడవుగా పరుచుకుని పట్టు దొరుకుతుంది. ట్యూబ్ టైరు అయితే అంతకు దించవద్దు. రిమ్ములో టైరు జారి ట్యూబ్ వాల్వు తెగుతుంది. బరువు ఎక్కించి ఉంటే అసలు అంత తగ్గించకూడదు. గాలి తగ్గించాక 20 కిలోమీటర్ల వేగం దాటవద్దు, తారు ఎక్కగానే మళ్లీ నింపుకోవాలి. అందుకే లైట్ల వరుస కొనే డబ్బుతో 12 వోల్టుల గాలి పంపు, మంచి గేజీ కొనుక్కోండి.

ఇక్కడ వ్యవసాయాధికారిగా ఒక మాట. ఫోర్‌వీల్ ఉంది కదా అని పదును ఆరని చేలోకి బండిని దించవద్దు. తడి రేగడి మీద చక్రం నడిచిన గాడిలో మట్టి అదిమి గట్టిపడి, ఆ సాలు వెంట వేరు దిగదు, నీరు ఇంకదు. బండి గట్టు మీద ఆపి బస్తా భుజాన మోసుకోవడమే పైరుకు మంచిది.

నీటి నుంచి రక్షణ

చాలా ఏళ్ల కిందట పంట నష్టం చూడటానికి మా ఆఫీసు పాత జీపులో వెళ్తూ ఒక వాగు దాటాం. హబ్ మునిగేంత నీరే. ఇంజిను ఆగలేదు, డ్రైవరు మీసం మెలేశాడు. రెండు నెలలకు వెనుక హౌసింగ్‌లో ఏడుపు లాంటి శబ్దం మొదలైంది. విప్పితే ఆయిల్ మజ్జిగలా ఉంది, పినియన్ బేరింగు పోయింది. కారణం చిన్నది. నడిచి వేడెక్కిన హౌసింగ్ చల్లని నీటిలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని, పైనున్న చిన్న బ్రీదర్ గుండా నీటిని పీల్చుకుంటుంది.

దీనికి విరుగుడు ఒక డీజిల్ హోస్ పైపు, రెండు క్లిప్పులు. రెండు హౌసింగ్‌ల బ్రీదర్లకు పైపు తగిలించి, ఇంజిన్ గదిలో ఎత్తున కట్టి, కొసను కిందికి వంచి వదలాలి. నా ఉద్దేశంలో పాత బండికి చేసే మార్పులన్నిటిలో ఇంత తక్కువ ఖర్చుకు ఇంత లాభం ఇచ్చేది మరొకటి లేదు.

పాత మెకానికల్ పంపు డీజిల్ ఇంజినుకు కరెంటు ప్లగ్గులు లేవు కాబట్టి నీటిలో తేలిగ్గా ఆగదు. ఆ ధైర్యమే ముప్పు. ఎయిర్ ఫిల్టరు మూతి గుండా నీరు సిలిండరులోకి వెళితే, నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఇంజిను మొత్తం విప్పాలి. చవక స్నార్కెల్ బిగించి, ఫిల్టరు డబ్బా దగ్గర అతుకులు సీలు చేయకపోతే అది అలంకారమే.

నీటిలో ఎంత వరకు దిగవచ్చని అడుగుతారు. నిలిచిన నీరైతే హబ్ మధ్య వరకు, అదీ ముందు కర్రతో నడిచి చూశాక. పారే నీరైతే లెక్క వేరు. ఒక అడుగు ప్రవాహం చిన్న బండ్లను తేలుస్తుంది, రెండు అడుగుల ప్రవాహం జీపును, పికప్‌ను కూడా తోసుకుపోతుంది. కాజ్‌వే మీద పారుతున్న నీటిలో కొట్టుకుపోయిన బండ్ల వార్తలు ప్రతి వానాకాలం చదువుతూనే ఉన్నాం. మీరు వేయించిన పెద్ద టైరులో గాలే ఉంటుంది, అది తేలడానికే సాయపడుతుంది. నీరు తగ్గేదాకా ఆగండి, లేదా చుట్టు దారిన వెళ్లండి.

దిగబడితే

ఫోర్‌వీల్ వేసినా ముందు ఒక చక్రం, వెనుక ఒక చక్రం మాత్రమే గిరగిరా తిరుగుతూ బండి కదలకపోవడం మీరు చూసే ఉంటారు. మామూలు డిఫరెన్షియల్ పట్టు లేని చక్రానికే తిప్పుడు ఇస్తుంది. అప్పుడు లో గేరులో నిదానంగా యాక్సిలరేటరు ఇస్తూ, ఎడమ కాలితో బ్రేకు కొద్దిగా నొక్కితే తిరిగే చక్రం నెమ్మదించి, రెండోదానికి బలం వెళ్తుంది. కొందరు మెకానిక్‌లు డిఫరెన్షియల్ గేర్లను వెల్డింగ్ చేసి లాక్ చేస్తామంటారు. ఒప్పుకోవద్దు. తారు మీద మలుపులో బండి తిరగదు, యాక్సిల్ విరుగుతుంది. అలాగే ఫోర్‌వీల్ వేసి తారు మీద నడపవద్దు, పొడి నేలపై గేర్లు బిగుసుకుంటాయి.

లాగించుకునే కొక్కేలు ఛాసిస్‌కే బిగించాలి, ముందు రెండు, వెనుక ఒకటి, గట్టి బోల్టులతో. ఒకసారి ఒక రైతు పికప్‌ను ట్రాక్టరుతో లాగుతుంటే, బంపరుకు వెల్డింగ్ చేసిన కొక్కెం ఊడి, గొలుసుతో సహా ఎగిరి ట్రాక్టరు మడ్‌గార్డును చీల్చింది. డ్రైవరు సీటుకు జానెడు దూరం. ఆ రోజు నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను, గొలుసుకు ఎదురుగా నిలబడ్డ పిల్లలను అంతకు నిమిషం ముందే అవతలికి పంపాం. గొలుసుతో కుదుపు ఇచ్చి లాగకూడదు. నైలాను బెల్టు వాడండి, మధ్యలో తడి గోనె సంచి వేయండి, తెగినా ఎగరకుండా పడిపోతుంది. బెల్టు పొడవుకు ఒకటిన్నర రెట్లు దూరంలో ఎవరూ ఉండకూడదు.

కరెంటు వించ్ ఖరీదైనది. మన పొలాల్లో ట్రాక్టరు పిలుపు దూరంలో ఉంటుంది కాబట్టి అవసరం తక్కువ. కొండ ప్రాంతంలో ఒంటరిగా తిరిగేవారు చేతితో లాగే వైరు రోప్ పుల్లరు కొనుక్కుంటే చాలు.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ముందు ఇనుప గార్డులను తొలగించాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. ఇంజిను మార్చడం, ఛాసిస్ కోయడం, బాడీ ఎత్తు పెంచడం వంటివి చేయాలనుకుంటే ముందు మీ ఎంవీఐని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోండి. ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వారు మొదట చూసేది ఇదే. మరమ్మతు, కంపెనీ సైజు టైర్లు, బ్రీదర్ పైపు, గాలి పంపు విషయంలో ఈ తలనొప్పి లేదు.

బురద పని అయిన రోజే అడుగు భాగం నీటితో కడగండి. ఎరువు మోసిన రోజు అయితే తొట్టి మూలలు, కింది క్రాస్ మెంబర్లు తప్పకుండా కడిగి ఆరనివ్వాలి. నీటిలో దిగి వస్తే బ్రేకు తేలికగా నొక్కుతూ కొంత దూరం నడిపి డ్రమ్ములు ఆరబెట్టాలి. వారంలోపు హౌసింగ్ ఆయిల్ బోల్టు కొద్దిగా వదులు చేసి రంగు చూడాలి. తెల్లబడి ఉంటే ఆ ఆయిల్‌తో ఇంకొక ట్రిప్పు కూడా వేయకుండా మార్పించండి.